తూర్పు గుమ్మం

ఎనభైల మొదట్లో, నేను అమెరికా వచ్చిన వేసవిలోనే, డెన్వర్ నుంచి కొండల్లోకి వెళ్లే బస్సులో ఒళ్లో డ్రాయింగ్ పరుచుకుని కూర్చున్నాను. అక్కడి ఓ పాత చెక్క ఇంటిని డెంటిస్టు ఆఫీసుగా మార్చే పని. ఆర్కిటెక్టుగా ఆ దేశంలో నాకదే మొదటిది. ఎవరూ అడక్కుండానే డ్రాయింగ్‌లో దక్షిణపు గుమ్మం మూసేసి తూర్పుకి తిప్పాను.

పక్కసీటులోని అమెరికన్ ముసలాయన తొంగి చూశాడు. "ఆ డోర్ ఎందుకు మార్చారు?"

"లైట్ కోసం," అన్నాను. వాస్తు అని చెప్పడానికి నామోషీ.

"నలభై ఏళ్లు ఈ కొండల్లో వడ్రంగం చేశాను," అంటూ ఆయన పైకప్పు వాలు మీద వేలు పెట్టి కిందికి జార్చాడు. అది సరిగ్గా నా తూర్పు గుమ్మం మీద ఆగింది.

"మంచు మొత్తం ఇలాగే జారుతుంది. కింద పేషెంట్ ఉంటాడు."

"అవన్నీ లెక్కలు వేశాం," అని డ్రాయింగ్ చుట్టేశాను. ఏ లెక్కా వేయలేదు. దిగేటప్పుడు ఆయన, కింద పడ్డ నా పెన్సిల్ తీసి చేతికిచ్చాడు.

మర్నాడే, మంచు జారి పడుతుందని పక్కన రాసి, గుమ్మాన్ని మళ్లీ దక్షిణానికి మార్చాను. బాస్ భుజం తట్టి, "మంచు సంగతి నీకెలా తట్టింది?" అన్నాడు.

"ఎక్స్‌పీరియెన్స్," అన్నాను.

అప్పటికి నేను మంచు కురవడం ఒక్కసారైనా చూడలేదు.