ముఖం చూడనిదే ల్యాంపు తీసుకోని మా అన్న

పోయిన నెల ఒక గురువారం పొద్దున వదినె ఫోన్ చేసింది. మూడిళ్ల అవతల ఉండే మనిషికి ఫోనెందుకని విసుక్కుంటూనే ఎత్తాను. "చెల్లె, మీ అన్న లేస్తలేడు" అంది. అంతే. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. అన్న గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. స్టూలు మీద చాయ్ చల్లారి మీగడ కట్టింది. డాక్టరు వచ్చి చూసి, రాత్రి ఎప్పుడో పోయాడన్నాడు.

సంఘం వాళ్లు వేయించిన ఫ్లెక్సీ మీద "ప్రభువునందు నిద్రించారు" అని రాశారు. మా క్రైస్తవుల ఇళ్లలో చావును అలాగే అంటాం. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పకపోతే అన్న గురించి నేను ఏం చెప్పినా చెప్పినట్టు కాదు.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. మందమర్రిలో మా వీధంతా బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాళ్లే. మా ఆయన బాయిలోకి దిగేవాడు. అన్న దిగలేదు, ల్యాంపు రూంలో పనిచేశాడు. తెలియనివాళ్ల కోసం చెప్తాను. బాయిలోకి దిగే ప్రతి మనిషీ ల్యాంపు రూం కిటికీ దగ్గర తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, తలకు పెట్టుకునే ల్యాంపు తీసుకుంటాడు. పైకి వచ్చాక ల్యాంపు జమ చేసి బిళ్ళ తీసుకుంటాడు. బిళ్ళలు తగిలించే బోర్డు మీద ఒక్కటి మిగిలినా ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. జమ అయిన ల్యాంపు మళ్లీ షిఫ్టు దాకా చార్జింగులో ఉంటుంది.

రిటైరయ్యాక కూడా ఆయన ఆ కిటికీ వదల్లేదు. ఆదివారం ఆరాధనలో తలుపు పక్కన చివరి బెంచీ ఆయనది. లోపలికొచ్చిన వాళ్లను, బయటికెళ్లిన వాళ్లను చూపుతోనే ఒడిసిపట్టేవాడు. పాట ఎప్పుడూ అరచరణం వెనక ఉండేది. ఎవరి కళ్లద్దాలు మసగ్గా కనిపించినా అడగకుండానే లాగేసుకుని, భుజం మీది తువ్వాలతో రెండువైపులా తుడిచి, మళ్లీ ఆయనే ముక్కు మీద పెట్టేవాడు. పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో ఉన్నా సరే, ఆయనకూ ఒకసారి అలాగే చేశాడు. మొండి మనిషి. తన టార్చిలైటు దేవుడడిగినా ఇచ్చేవాడు కాదు. పడుకునే ముందు తన గేటు గొళ్లెం మూడుసార్లు చూసుకునేవాడు. "రెండుసార్లు సూస్తే సాలదా?" అని వదినె కసిరేది. "సాలదు" అనేవాడు. ఆ గేటు చూడ్డానికి బయటికొచ్చినప్పుడే నా వంటింటి లైటు ఆయన కంటపడింది.

అప్పటికి మా ఆయన పోయి మూడు నెలలు. నా పక్కనే నిద్రలో పోయాడు. నేనూ నిద్రలోనే ఉన్నాను. ఇక్కడ ఇంతవరకే చెప్తాను, మిగతాది తర్వాత. అప్పట్నుంచి పక్క వేస్తే చాలు, నా గుండె చెవుల్లో కొట్టుకునేది. కన్ను మూతపడగానే ఎవరో తోసినట్టు ఉలిక్కిపడి లేచేదాన్ని. మా వాళ్లు చావును నిద్ర అంటారు, నాకేమో నిద్రే చావులా కనిపించేది. లేచి వంటింట్లోకి పోయి గ్యాస్ బంద్ ఉందో లేదో చూడటం, తలుపు చూడటం, మోకాళ్ల మీద కూర్చోవడం, మళ్లీ గ్యాస్ చూడటం. సంఘంలో ఒకామెతో నిద్ర రావట్లేదని అంటే, "విశ్వాసం పెంచుకోవాలె అక్కా" అంది. కిలో రెండు కిలోలు తెచ్చుకోవడానికి అదేమైనా అంగట్లో దొరుకుతుందా? ఇక ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పిన నోరు నాది. అబద్ధం కూడా స్పష్టంగానే చెప్పగలను. ఎవరడిగినా "మంచిగ పడ్తాంది నిద్ర" అనేదాన్ని.

ఒక సాయంత్రం అన్నం తిన్నాక అన్న వచ్చి కర్రతో గేటు మీద తట్టాడు.

"చెల్లె, మూడు దినాలసంది నీ వంటింట్ల లైటు ఆరుతలేదు."

"ప్రార్థన చేసుకుంటున్ననే."

"తెల్లందాకనా?"

"అయితే ఏంది?"

"మోకాళ్ల మీద కూసొని ఫికర్ చేస్తే అది ప్రార్థన అయితదా చెల్లె?"

గేటు ఆయన ముఖం మీదే వేశాను. నాకు కోపం వస్తే ముందూ వెనకా ఉండదు. మరునాడు ఎనిమిదిన్నరకు మళ్లీ అదే కర్ర, అదే చప్పుడు.

"షిఫ్టు అయిపోయింది గదా, ల్యాంపు జమ చేసినవా?"

"నాకేం ల్యాంపుందే?"

"గదే నెత్తిమీద మండుతాంది. షిఫ్టు అయినంక ఎవలన్న నెత్తికి ల్యాంపు పెట్టుకొని ఇంటికి పోతరా? పోయి పండుకుంటరా? ఇటియ్యి."

అలా మొదలైంది. ఆయన ఎప్పుడూ లోపలికి రాలేదు. గేటు బయట ఆయన, లోపల నేను, మధ్యలో కమ్మీలు. ఆయనకది ల్యాంపు రూం కిటికీయే. మనసులో ఉన్నవి ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పాలి. "మనసు పరేషాన్ ఉంది" అంటే ఒప్పుకునేవాడు కాదు. "పరేషాన్ అని నంబరేం లేదు మా దగ్గర. ఎవలది, ఏంది, సక్కగ చెప్పు" అనేవాడు. మెట్‌పల్లిలో ఉన్న నా బిడ్డకు మూడో నెల, వాంతులతో ఏమీ తినట్లేదట అంటే, "పొద్దుగాల ఫోన్ చేస్తవు గదా? జమ." నా మోకాలికి ఆపరేషన్ అంటున్నారు అంటే, "ఇయ్యాల రాత్రి చేస్తరా? చెయ్యరు. జమ." గ్యాస్ కట్టేశానో లేదో అంటే, "సూసి రాపో, నేను నిలబడ్త" అనేవాడు. నేను వెళ్లి చూసి వచ్చి "బందే ఉంది" అనేదాకా నిజంగానే కర్ర మీద ఆనుకుని నిలబడేవాడు. అన్నీ అయ్యాక తువ్వాల తీసి, తల వంచి, ఎప్పుడూ ఒకటే ప్రార్థన. "తండ్రీ, మా షిఫ్టు అయిపోయింది. ఇగ నీది." ఆమేన్ అనేలోపే వెనక్కి తిరిగేవాడు. నాలుగడుగులు వేసి అనేవాడు, "పొద్దుగాల కావాలంటే మళ్ల తీస్కో. ఎవలెత్తుకపోరు."

నాకు నవ్వొచ్చేది. నవ్వుతూ పడుకుంటే రెండు గంటలు పట్టేది నిద్ర. అంతకంటే ఎక్కువ పట్టేదని చెప్పను. అబద్ధాలు ఇప్పటికే చాలా చెప్పాను.

వాటిలో పెద్దది మా ఆయన రెండో ఏడు జ్ఞాపకార్థ కూడికలో చెప్పాను. అయ్యగారు సాక్ష్యం చెప్పమన్నారు. అందరూ నావైపు చూస్తున్నారు. లేచి నిలబడి, దేవుడు నాకు నెమ్మదినిచ్చాడు, పసిపిల్లలా నిద్రపోతున్నాను అని చెప్పాను. స్తోత్రం అన్నారు అందరూ. చివరి బెంచీలో అన్న మాత్రం కర్ర కొన చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఎనిమిదిన్నరకు వచ్చాడు. నేను వాకిట్లోంచే అరిచాను. "ఇయ్యాల ఏం లేదే. అన్ని జమైనయ్. నువ్వు పో."

"ముఖం చూపియ్యి."

"ఏం లేదంటున్న గదనే!"

"చెల్లె. ముఖం చూపియ్యి."

వెళ్లాను. వెళ్లి కమ్మీలు పట్టుకోగానే నాలో ఏది తెగిందో తెగింది. చనిపోయిన ఆ రాత్రి, పడుకునే ముందు మా ఆయన, "ఛాతిల మంటగున్నదే" అన్నాడు. నాకు మరునాడు బడి తనిఖీ ఉంది. "సోడా తాగి పండుకో, నన్ను సతాయించకు" అని అటు తిరిగి పడుకున్నాను. హాయిగా నిద్రపోయాను. ఆయన నన్ను పిలిచాడో లేదో నాకు తెలియదు. చెయ్యి చాపాడో లేదో తెలియదు. తెల్లారి చూస్తే చల్లగా ఉన్నాడు. ఇదంతా నేను గేటుకే చెప్పాను, అన్న ముఖం చూడలేక.

జమ అంటాడనుకున్నాను. అనలేదు. మొట్టమొదటిసారి గేటు తీసుకుని లోపలికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. తన సంగతి చెప్పాడు.

ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక షిఫ్టు విడిచాక కిటికీ దగ్గర అంతా గుంపు. ఒక కార్మికుడు రెండు ల్యాంపులు ముందు పెట్టాడట. "గిది మా తోడోనిది. బ్యాటరీ అయిపోయింది. ఎనకొస్తుండు" అన్నాడట. ఎవరి ల్యాంపు వాళ్లే ఇవ్వాలి, ముఖం చూసే బిళ్ళ ఇవ్వాలి, అది నియమం. తొందరలో అన్న రెండు బిళ్ళలూ ఇచ్చేశాడు. బోర్డు ఖాళీ అయింది. అందరూ పైకి వచ్చేశారని లెక్క. ఆ తోడువాడు రాలేదు. వెనక నడుస్తూ కాలు మడతపడి కూర్చుండిపోయాడు, వెలుగేమో తోటివాడితో ముందు పోయింది. తెల్లారి అతని భార్య వచ్చి మావాడేడని అడిగేదాకా ఎవరికీ తెలియదు. రాత్రంతా ఒక్కడే, ఆ చీకట్లో. ప్రాణంతోనే తెచ్చారు.

"కాళ్లు పట్టుకుందామని పోయిన చెల్లె" అన్నాడు అన్న. "ఏమన్నడో ఎర్కనా? 'చీకటికి భయపడలేదే. నేను బయటికొచ్చిన్నని అందరనుకుంటుండ్రు గదా, గందుకు భయపడ్డ' అన్నడు."

కర్రను మెట్టుకు ఆనించి మళ్లీ అన్నాడు. "గప్పటిసంది నాకు నిద్ర సక్కగ పట్టదు. పొద్దుగాల నువ్వు సాక్ష్యం చెప్తుంటే గాయినే కండ్లల్ల మెదిలిండు. ల్యాంపు వచ్చింది, మనిషి రాలే."

నేను ఏడుస్తూ అడిగాను. మరి మా ఆయన సంగతేంటే, నేను పక్కనుండి చూడలేదు కదా అని.

"నువ్వు సూడలే. నిజమే. నేను గూడ సూడలే గాయిన్ని. సూసినాయిన పైన ఒక్కడున్నడు గద. నా లెక్క తొందరపడి ఇంకొకల చేతులకెంచి తీస్కునేటోడు కాదు చెల్లె. మీ ఆయన ముఖం సూసే తీస్కున్నడు." నా కళ్లద్దాలు లాగి, తువ్వాలతో తుడిచి, మళ్లీ పెట్టాడు. "నువ్వు సతాయించకు అన్నవు. గది నీది. గది గూడ దేవునికియ్యి. ఇగ జమ."

ఆ రాత్రి నాలుగింటి దాకా నిద్రపోయాను. లేచాక గ్యాస్ చూశాను, ఒక్కసారే. మనసులో మచ్చ పోయిందని అనను. కానీ అప్పట్నుంచి నేను ఎవరికీ నిద్ర గురించి అబద్ధం చెప్పలేదు. అన్నకు ఇది నేను ఎప్పుడూ చెప్పలేదు. థాంక్స్ చెప్తే ఆయన చెవులు మూసుకునేవాడు.

భూస్థాపనయిన మూడో రోజు కూడికలో వదినె అందరితో ఒకటే మాట. "నేను మంచిగనే ఉన్న. దేవుడు నెమ్మది ఇచ్చిండు." పిల్లలూ చుట్టాలూ మరునాడు వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నాకు ఇంట్లో కాలు నిలవలేదు. తోమిన గిన్నె మళ్లీ తోమాను. గ్యాస్ ఐదుసార్లు చూశాను. ఎనిమిదిన్నర అయింది, కర్ర చప్పుడు లేదు. ఆయన మీద కోపం ముంచుకొచ్చింది. అన్నీ ఇటియ్యి ఇటియ్యి అని తీసుకునే మనిషి, చెప్పకుండా ఎట్లా పోతాడు? వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. తిరుగుతూనే చూశాను, మూడిళ్ల అవతల వంటింటి లైటు.

వెళ్లి గేటు మీద తాళంచెవితో తట్టాను.

"ఎవలు?" లోపల్నించే అడిగింది.

"నేనే వదినె."

"మంచిగనే ఉన్న చెల్లె. పండుకుంటున్న. నువ్వు పో."

"ముఖం చూపియ్యి వదినె."

లోపల గొళ్లెం కదిలింది. తర్వాత తలుపు తీసుకుని, గోడ పట్టుకుంటూ వచ్చింది. కమ్మీలకు అవతల నిలబడింది. గేటు స్తంభం మీది బల్బు చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి.

"గా దినం పొద్దుగాల ఆయన్ను రెండుసార్లు తిట్టిన చెల్లె" అంది. "చాయ్ సల్లగైతాంది, మొద్దు నిద్ర పోతున్నవని తిట్టిన. దుప్పటి గుంజిన. గప్పటికే పోయిండట." కమ్మీలు గట్టిగా పట్టుకుంది. "గది జమ అయితదా?"

జమ అనడానికి నా నోరు రాలేదు. ఆ మాట అనేది అన్న, నేనెవరిని అనడానికి? కమ్మీల మధ్యనుంచి చెయ్యి పెట్టి వదినె కళ్లద్దాలు తీశాను. తడిసి, మసకబారి ఉన్నాయి. కొంగుతో రెండువైపులా తుడిచి, మళ్లీ ఆమె ముక్కు మీద నేనే పెట్టాను. ఆ వెలుతురులో వదినె ముఖం పూర్తిగా కనిపించింది.