నాలుగో చోట ఎవరు?

మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. సంస్కృతమంటే మాత్రం నాయనకు గిట్టదు. ద్రావిడ పార్టీ వెంట తిరిగిన మనిషి. గుడియాత్తంలో లుంగీల అంగడి నడిపినన్నాళ్ళూ గుడి మెట్లెక్కి ఎరగడు.

పార్టీ రెండుగా చీలినప్పుడు మా ఇల్లూ చీలింది. నాయన తమ్ముడు, మా చిన్నాయన, కొత్త పార్టీ జెండా తెచ్చి అంగడి ముందు కట్టాడు. నాయన దాన్ని పీకి వీధిలో పారేశాడు. ఆ సాయంత్రమే చిన్నాయన వేలూరు వెళ్ళిపోయి, అక్కడే వేరే అంగడి పెట్టుకున్నాడు. నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పిన మనిషి, నా పెళ్ళికి కూడా రాలేదు. వీధిలో సైకిలు గంట మోగితే చాలు, నాకు ప్రాణం లేచివచ్చేది. తీరా చూస్తే పాలవాడు. ఇంట్లో చిన్నాయన పేరెత్తితే నాయన అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.

ముసలితనంలో నాయన ఆదివారాలు బౌద్ధ సంఘానికి పోవడం మొదలుపెట్టాడు. దేవుడి ఊసు లేదని నచ్చిందట. అక్కడొక రిటైరైన పంతులు మైత్రి అంటే ఏమిటో చెప్పాడు. ఎదుటివాడు మనకేమీ చేయకపోయినా వాడు చల్లగా ఉండాలని కోరుకోవడం. మొదట తనకోసం, తరువాత ఇష్టమైనవాడి కోసం, తరువాత ముక్కూ మొహం తెలియనివాడి కోసం, చివరికి పగవాడి కోసం. నాయన “ఇదీ ఉత్తరాది మాటే” అని కొన్నాళ్ళు సణిగాడు. ఆ తరువాత రోజూ అంగడి తెరవకముందు స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకునేవాడు.

పక్క వీధిలోని మా ఇంటినుంచి నేను కాఫీ తీసుకెళ్ళేసరికి చివరివాడి దగ్గరికి, పగవాడి వంతుకు వచ్చి ఉండేవాడు. పెదవులు వణికేవి, కళ్ళు చెమ్మగిల్లేవి. నాకు ఒళ్ళు మండేది. నా చిన్నాయన పగవాడా?

“నాలుగో చోట చిన్నాయన్నే గదా పెట్టినావు?” అని ఒకనాడు అడిగేశాను.

నాయన కళ్ళు తెరిచాడు.

“లేదమ్మా. వాణ్ణి ఆడ పెట్టేదానికి మనసొప్పలేదు. వాడు రెండో చోటే ఉండాడు. నాలుగో చోట నేనుండాను.”

కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చాను. ఒక గుక్క తాగి ఆయనే అడిగాడు.

“వేలూర్లో వాడి అంగడి యాడుండాదో నీకు తెలుసునా?”

తెలుసన్నాను. ఆ రోజు అంగడి తెరవలేదు. బస్టాండు దాకా నాయనది ఒకటే మాట.

“నన్ను చూసి వాడు మొగం తిప్పుకుంటే?”

“తిప్పుకోనీ నాయనా, చూసొద్దాం” అన్నాను. తిప్పుకున్న మొహమైనా సరే, నాకు చిన్నాయనను చూడాలని ఉంది.