ఎదురొస్తే కుడికి

మా చెల్లెలికి ఓడలో ఆఫీసరు కావాలని ఒకటే పట్టు. పాతబస్తీలో గాజుల దుకాణం వాళ్ల పిల్లకు సముద్రం పిచ్చి ఎక్కడిదో నాకిప్పటికీ అర్థం కాదు. రాతపరీక్ష గట్టెక్కింది కానీ, ముఖాముఖిలో తప్పింది. ఎదురుగా ఓడ వస్తే ఎటు తిప్పుతావని అడిగితే "ఎడమకు" అన్నదట. గల్లీల్లో స్కూటీ నడిపిన చెయ్యి, మరేమంటుంది! ఈసారి కూడా తప్పితే, ఓడల కంపెనీ తన కోసం ఆపి ఉంచిన ఉద్యోగం వేరేవాళ్లకు పోతుంది.

అందుకే గిరాకీ లేనప్పుడల్లా రెండు గాజుల డబ్బాలను ఓడలు చేసి, గల్లాపెట్టె పక్కన నాకు పాఠం చెప్పేది.

"ఎదురెదురుగ వస్తే ఇద్దరూ కుడికే తిప్పాలె అన్నా. అడ్డం వస్తే మాత్రం, కుడిదిక్కు నుంచి వచ్చేటోనికి మనం దారియ్యాలె. ఆయన జరగొద్దు, సీదా అదే స్పీడ్‌ల రావాలె."

"మనం ఇయ్యకపోతే?"

"అప్పుడు ఆయనే జరగాలె."

"ఏందే నీ లొల్లి! జరగాల్నా, జరగొద్దా?"

తను తల పట్టుకునేది. నా బుర్రకు ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు.

మళ్లీ ముఖాముఖి పరీక్షకు వెళ్లేరోజు బస్సు ఎక్కించడానికి అఫ్జల్‌గంజ్‌కు బండి మీద బయల్దేరాం. నా కాళ్ల ముందర, దుకాణాలకు వేయాల్సిన గాజుల డబ్బా, వెనక పాఠం వల్లిస్తూ తను. మలుపులో ఎదురుగా ఆటో వచ్చింది. "కుడికి!" అని చెవిలో అరిచింది. తిప్పేశాను. ఆటో ఆయన అందరిలాగే తన ఎడమకు తిప్పాడు. ఆయన ఎడమా, నా కుడీ ఒకటే కదా, నేరుగా వెళ్లి గుద్దాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, గాజులు భళ్లుమన్నాయి.

"క్యా భాయ్, రాంగ్ సైడ్ కైకు ఆరె?" అని ఆటో ఆయన గుడ్లురిమాడు.

"నువ్వు, నీ కుడి! ఎడమ అనాలె గదనే!" అని బస్టాండు దాకా చెల్లెల్ని తిట్టాను. బస్సు కదిలాక నాకు తట్టింది. అయ్యో, అక్కడ కూడా ఎడమే అంటుందేమో!

పరీక్ష కాగానే ఫోన్ చేసింది.

"పాసైన అన్నా! మల్ల గదే అడిగిండ్రు. నోటిదాక ఎడమనే వచ్చింది. మన గాజులు పలిగినప్పుడు నేను అరిచింది యాదికొచ్చి, కుడికే అని చెప్పిన."

సంతోషం పట్టలేక పక్క దుకాణాలకు మిఠాయి పంచాను. అయినా గాజులు పగలగొట్టిన కుడి పరీక్షలో ఒప్పెట్లా అయిందో తలకెక్కలేదు.

ఇప్పుడు తను నడిసముద్రంలో ఉంది. ఇద్దరూ కుడికి తిప్పితేనే గండం తప్పుతుందట. మా చెల్లెలు తిప్పుతుంది, ఆ ఫికర్ లేదు. ఎదురొచ్చే ఆ ఓడ నడిపేవాడు ఏ గల్లీలో బండి నేర్చుకున్నాడో!