నా నోటికి ఇద్దరు ఏజెంట్లు

ఆ రోజుల్లో మా కడప జిల్లా పల్లెల్లో కొత్త మనిషి బస్సు దిగితే పేరు తర్వాత, పార్టీ ముందు అడిగేవాళ్లు. టీ అంగడి ఒక పార్టీది, దానికెదురుగా ఉన్న క్షవరం అంగడి రెండో పార్టీది. (ఒకచోట గడ్డం గీయించుకుని రెండోచోట టీ తాగిన మొనగాణ్ణి నేనైతే చూడలేదు.) అట్లాంటి కాలంలో, జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో, రెండు పార్టీలకూ నమ్మకస్తుడిగా నాలుగేళ్లు బడి నడిపిన ఘనత నాది. నా తెలివితేటలు చూసి నమ్మారనుకునేరు, అదేమీ కాదు. నాకు నోటి వాసన ఉండేది. పొద్దున లేవగానే అందరికీ కాసేపు ఉండేదాన్ని నేను రోజంతా మోసేవాణ్ణి, అంతే తేడా.

పందొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆ సంగతి నాకే తెలియదు. మాది ప్రొద్దుటూరు. మా నాన్న మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. ఆదివారం ఆరాధనలో పాటలు పాడే బృందంలో నేనూ ఒకణ్ణి. మొదట్లో నడిమి వరుసలో నిలబడేవాణ్ణి. కొన్నాళ్లకు పాటలు నేర్పే అక్క నన్ను చివరికి జరిపింది. ఇంకొన్నాళ్లకు కిటికీ పక్కకు చేర్చింది. "నీ గొంతు దూరం నుంచి వింటే శానా బాగుంటాది నాయనా" అని కూడా అంది. నేనా మాట నమ్మి, ఇంటికొచ్చి మా అమ్మకు గర్వంగా చెప్పుకున్నాను. కాలేజీలో నా బెంచీ మీద నేనొక్కణ్ణే కూర్చునేవాణ్ణి, అది బాగా చదివేవాడికిచ్చే మర్యాద అనుకున్నాను. నిజం చెప్పింది పులివెందులలో ఉండే మా మేనత్త. సెలవులకు వాళ్లింటికి పోయినప్పుడు, చెవికమ్మ మర బిగించమని దగ్గరికి పిలిచింది. నేను వంగి, "ఇట్లనా అత్తా?" అన్నాను. ఆ ఒక్క మాటకు ఆమె రెండు చేతులతో నన్ను అవతలికి తోసింది. "రేయ్ అబ్బీ, ఏందిరా ఆ నోరు? లోపల ఎలక గిలక సచ్చిందా?" అని, నా మొహం చూసి జాలిపడి, "మీ నాయనకూ ఇంతేలే. మీయమ్మ మంచిది గాబట్టి ఇన్నేండ్లూ చెప్పల్యా" అంది. ఆ సెలవుల్లో ఇంక నేను పెద్దగా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మా అమ్మను మాత్రం కొత్త గౌరవంతో చూశాను.

అప్పట్నుంచి నేను చేయని వైద్యం లేదు. వేపపుల్ల నమిలాను, జామాకు నమిలాను, ఉప్పూ బొగ్గూ కలిపి తోమాను. ప్రొద్దుటూరు హకీం సాయిబు ఒక పొడి ఇచ్చాడు. (నెల వాడేసరికి పండ్లు నల్లబడ్డాయి, వాసన మాత్రం నిక్షేపంగా ఉంది.) జేబులో ఎప్పుడూ లవంగాలు ఉండేవి. ఆ లవంగాల వాసనా నా వాసనా ఒకదాన్నొకటి చంపుకోకుండా, రాజీపడి కలిసే బయటికొచ్చేవి. చివరికి పనిచేసిన మందు ఒకటే, నోరు తెరవకపోవడం. తప్పనిసరైతే భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని రెండు ముక్కలు మాట్లాడేవాణ్ణి. ఆ తువ్వాలుతోనే పోయి జమ్మలమడుగు దగ్గరి ఆ పల్లె బడిలో అయ్యోరుగా, అంటే పంతులుగా, చేరాను.

ఆ ఊళ్లో ఇద్దరు పెద్దలు. తూర్పు వీధిలో పెద్ద మిద్దె ఉన్నాయన ఒకరు, పడమటి వీధిలో అంతే మిద్దె ఉన్నాయన ఇంకొకరు. ఊరంతా వాళ్లను తూర్పు మిద్దె ఆయన, పడమటి మిద్దె ఆయన అనే పిలిచేది. ఒకాయన ఏ పార్టీలో ఉంటే రెండో ఆయన ఎదుటి పార్టీలో ఉంటాడు. పొరపాటున ఇద్దరూ ఒకే పార్టీలోకి వస్తే, వారం తిరక్కుండా ఒకరు బయటికి పోతారు. నేను చేరిన మొదటి రోజు ఇద్దరి దగ్గరికీ పోయి, తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని వంగి నిలబడ్డాను. అది వాళ్ల కంటికి వినయంగా కనబడింది. ఆ తర్వాత ఎవరేం అడిగినా "ఊ" అనేవాణ్ణి, అది గుట్టుగా కనబడింది. ఆరు నెలలు తిరిగేసరికి, "అయ్యోరికి చెప్తే బాయిలో రాయేసినట్టే, మాట బయటికి రాదు" అని పేరొచ్చింది. ఎవరెవరు ఎవరి మీద పళ్లు నూరుతున్నారో, ఏ ఓటు ఎటు మళ్లుతుందో అన్నీ నాకే చెప్పుకునేవాళ్లు. నేను గాలివాటం చూసుకుని, నా గాలి వాళ్ల మీదికి పోని వైపు కూర్చుని వినేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆ పెద్దరికం నాకు బాగానే ఉండేది. జన్మలో మొదటిసారి మనుషులు వాళ్లంతట వాళ్లు నా దగ్గరికి వస్తున్నారు.

అట్లా ఉండగా ఊరికి ఒక బోరు మంజూరయింది. తూర్పు వాళ్లు మా వీధిలో అన్నారు, పడమటి వాళ్లు మా వీధిలో అన్నారు. బోరు లారీ రెండుసార్లు ఊరిబయటి దాకా వచ్చి, గుంపును చూసి వెనక్కు తిరిగిపోయింది. మండు వేసవి. ఆడవాళ్లు మైలు దూరం నుంచి బిందెలు మోస్తున్నారు. మూడోసారి కూడా లారీ తిరిగిపోతే బోరు వేరే ఊరికి పోతుందని ఆఫీసులో తేల్చి చెప్పారు. దాంతో ఇద్దరు పెద్దలూ రాజీకి దిగొచ్చారు. కూర్చునే చోటు బడి ఆవరణ, మధ్యవర్తి నేను.

మా వైపు రాజీకి ఒక పద్ధతి ఉంది. ఎదురెదురుగా కూర్చున్నా ఒకరితో ఒకరు మాట్లాడరు. అందరి ముందర ఒకరు అడిగి, రెండోవారు కాదంటే అడిగినవాడి పరువు పోతుంది. పరువు పోతే తర్వాత ఏమవుతుందో చెప్పాల్సిన పనిలేదు. అందుకని మధ్యవర్తి ఒకరి మాట చెవిలో విని, పోయి రెండోవారి చెవిలో వేయాలి. ఈ పద్ధతి సంగతి తెలిసిన రాత్రి నుంచీ నాకు నిద్రలేదు. ఆ రోజు పొద్దున నాలుగుసార్లు పండ్లు తోముకుని, గుప్పెడు లవంగాలు నమిలి పోయాను.

తూర్పు మిద్దె ఆయన నా చెవిలో చెప్పిన మాట నిజంగా పెద్ద మనసుతో చెప్పింది. "బోరు బడి కాడ ఏపిద్దాం అయ్యోరా. రాతిపలక మీద ఆయన పేరే ముందర రాసుకోమను, నాకేం పట్టింపు ల్యా." నేను సంతోషంగా ఇవతలికి వచ్చాను. పడమటి మిద్దె ఆయనకు కాస్త చెవుడు. తువ్వాలు అడ్డం పెట్టుకుని చెబితే వినబడలేదు. తువ్వాలు తీసి, ఇంకా దగ్గరికి వంగి, "బోరు బడి కాడ అంటాండాడు అప్పా" అని మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే ఆయన, "యాడ?" అంటూ మొహం నా వైపు తిప్పాడు. నా మాట మొత్తం ఆయన ముక్కు మీద పడింది.

ఆయన తల వెనక్కు పోయింది. మొహం ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక నిలబడిన పడమటి వాళ్లందరూ అది చూశారు. "ఏమన్నాడన్నా తూర్పాయన? ఏం మాట పంపిచ్చినాడు?" అని ఒకడు ముందుకొచ్చాడు. ఆయన ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు. "ఏమీ ల్యాకుంటే కండ్లల్లో నీళ్లు యాల వస్తాండాయి?" అన్నాడు ఇంకొకడు. చేతులు చంకలోని సంచుల్లోకి పోయాయి. (సంచుల్లో కూరగాయలు లేవని ఊరందరికీ తెలుసు.) అవతల తూర్పు వాళ్లూ లేచి నిలబడ్డారు. "గమ్మున కూర్చోండ్రా, ఏమీ ల్యాదంటాండా గదా" అంటాడే గానీ, అసలు సంగతి పడమటాయన చెప్పడు. పందొమ్మిదో ఏట నుంచి దాచుకున్న గుట్టు ఒక వైపు, ఇన్ని తలకాయలు ఇంకో వైపు.

"అయ్యా, తూర్పాయన మంచి మాటే పంపినాడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "బోరు బడి కాడ, పలక మీద ముందు పేరు మీ ఆయనదే. తప్పు నాది. నాకు నోటి వాసన. శానా ఏండ్ల నుంచీ ఉండాది. ఆయనకు అది తగిలింది, అంతే."

అందరూ నన్ను చూశారు. ఒక్కరూ నమ్మలేదు. "అయ్యోరు మంచోడు. గొడవ కాకుండా గుట్టు దాస్తాండాడు" అన్నాడు సంచీ మనిషి. నాలుగేళ్లు కష్టపడి సంపాదించుకున్న మంచిపేరు అక్కడ నాకే అడ్డొచ్చింది. "కావాలంటే మీరే చూసుకోండి" అన్నాను. తూర్పు వాళ్లలోంచి రేషన్ అంగడాయన లేచి, "నేను చూస్తా" అన్నాడు. "మీవోడు చూసి చెప్తే మాకేం నమ్మకం? మావోడూ చూడాల" అన్నారు పడమటి వాళ్లు. పోలింగు బూతులో మాదిరి ఒక్కొక్క పార్టీకి ఒక ఏజెంటు తేలాడు. ఇద్దరూ వచ్చి నా ముందర నిలబడ్డారు. నేను కళ్లు మూసుకుని, "హా" అన్నాను.

రేషన్ అంగడాయన రెండడుగులు వెనక్కు వేసి, "ఉండాది" అన్నాడు. పడమటి ఏజెంటు తానేం తక్కువ అన్నట్టు ఇంకాస్త గట్టిగా పీల్చి, గోడ పట్టుకుని, "ఆయన చెప్పినదాని కంటే ఎక్కువే ఉండాది" అన్నాడు. ఆ ఊళ్లో రెండు పార్టీల ఏజెంట్లు ఒకే మాట చెప్పడం అదే మొదటిసారి. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత తూర్పాయన నవ్వాడు, తర్వాత ఆవరణంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. వారంలో బడి దగ్గర బోరు పడింది. నీళ్లు బాగానే పడ్డాయి.

రాజీ జరిగిన సాయంత్రమే పడమటి మిద్దె ఆయన నన్ను ఇంటికి పిలిపించుకున్నాడు. "నువ్వెందుకు చెప్పుకుంటివి అయ్యోరా?" అన్నాడు బాధగా. "చెప్పకపోతే కొట్టుకుంటాండ్రి గదప్పా" అన్నాను. ఆయన, "నా నోటితో చెప్పకూడదనుకుంటి. అందరి ముందర నిన్ను చిన్న చేస్తే, రేపు పిల్లోళ్లకు ఏం మొగంతో పాఠం చెప్తావు?" అన్నాడు. ఆయన మీద ఎన్ని కేసులున్నాయో నాకు తెలుసు. అట్లాంటి మనిషి, సంచుల్లో చేతులు పెట్టినవాళ్లను వెనక పెట్టుకుని కూడా, నా పరువు గురించి ఆలోచించాడు. ఆ రాత్రి గదికి పోయి ఏడ్చాను.

మర్నాడు ఆయనే జీపులో నన్ను ప్రొద్దుటూరు పండ్ల డాక్టరు దగ్గరికి పంపించాడు. (తోడుగా తూర్పు వాళ్ల మనిషి కూడా ఎక్కాడు, ఏం పీకుతారో వాళ్లకూ తెలియాలట.) పుచ్చిన దవడపన్ను ఒకటి పీకారు, చిగుళ్లకు మందిచ్చారు. వాసన సగం పోయింది. మిగతా సగం ఈ రోజుకీ నాతోనే ఉంది, నేనూ అలవాటు పడ్డాను. గుట్టులు చెప్పుకునేవాళ్లు మాత్రం రావడం మానేశారు. వాసన ఉందని కాదు, అయ్యోరు నోరు తెరుస్తాడని తెలిసిపోయింది. నేనూ ఆ తర్వాత మూయలేదు. బడిలో కథలు చెప్పాను, పద్యాలు పాడాను, ముందు బెంచీ వాళ్లు ఓర్చుకున్నారు. ఇప్పుడు కొత్తవాళ్ల పక్కన కూర్చుంటే నేనే ముందుగా, "నాకు నోటి వాసనప్పా, కాస్త ఓర్చుకో" అంటాను. చిత్రం ఏమిటంటే, ఆ మాట విన్నాక ఎవరూ లేచిపోరు. ఇరవైలలో ఉన్న నన్ను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. వాడి దగ్గర చెప్పాల్సిన కబుర్లు ఎన్నో ఉండేవి. అన్నీ లవంగాలతో పాటు నమిలి మింగేశాడు, పిచ్చివాడు.