ఊడ్చిన చోటే చెత్త పోసే మామయ్య

మా మామయ్యకు శుభ్రమైన నేల కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అక్కడ గుప్పెడు చెత్త పోసి గానీ ముందుకు కదలడు.

అలాగని ఆయన మతి చెడిన మనిషి కాదు. రోడ్లూడ్చే బండ్ల షెడ్డులో హెడ్ మెకానిక్కు. ఊరిని శుభ్రంగా ఉంచడమే ఉద్యోగం. ఆ ఉద్యోగం మీద ప్రేమ ముదిరి ఊరంతా చెత్త పోసుకుంటూ తిరిగేవాడు. ఆయన చొక్కాకు పదకొండు జేబులు. ఒకదాంట్లో సన్న ఇసుక, ఒకదాంట్లో ఎండుటాకులు, ఇంకోదాంట్లో సీసా మూతలు. మిగతావాటిలో మేకులు, కంకర, రంపపు పొట్టు, మంగలి షాపు నుంచి అడిగి తెచ్చుకున్న వెంట్రుకలు. ఆ చొక్కా ఉతికే ముందు మా అత్తయ్య దాన్ని కర్ర చివర తగిలించి, మొహం పక్కకు తిప్పుకుని, పామును విదిలించినట్టు విదిలించేది.

చెత్త పోసి ఊరుకుంటే అదో దారి. పోశాక అక్కడే గొంతుక్కూర్చుంటాడు. ఎవరో ఒకరు తిట్టుకుంటూ చీపురు పట్టుకొస్తారు. వాళ్లు ఊడ్చినంతసేపూ రెప్పవేయకుండా చూసి, చివర్లో నోటుబుక్కు తీసి ఎంతో వినయంగా అడుగుతాడు.

"ఎన్ని ఊడ్పులకి పోయిందండీ?"

ఒకసారి పన్ను నొప్పితో దవడ బన్నులా వాచిపోతే నేనే ఆయన్ను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడి నేల అద్దంలా ఉంది. వద్దని నేను కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాను. ఈలోగా రంపపు పొట్టు పడనే పడింది. ఆయా పరుగెత్తుకొచ్చింది.

"ఏంటిది? ఎవరు పోశారు?"

"మేమమ్మా," అన్నాడు మామయ్య, వాచిన దవడతో.

"నేను కాదు! ఆయనే!" అన్నాను నేను.

ఆయా విసవిసా ఊడ్చేసింది. మామయ్య నోట మాట సరిగా రావడం లేదు. అయినా నోటుబుక్కు తీశాడు. "ఎన్ని ఊన్పులకి..." అని మొదలుపెట్టేసరికి ఆవిడ చీపురు తిరగేసింది. ఆ రోజు మా వంతు రాకముందే మేం బయట ఉన్నాం.

మా పిన్ని కొత్త ఇల్లు కట్టుకుంది. హాలంతా పాలరాయి. పిన్ని మామయ్యకు స్వయానా చెల్లెలు. గుమ్మంలోనే ఆయన రెండు చేతులూ పట్టుకుని, "అన్నయ్యా, నీ కాళ్లకి దణ్నం పెడతాను, జేబులు ఇక్కడే దులిపేసి రా," అని బతిమాలింది. సరేనన్నాడు. పది జేబులు ఖాళీ చేశాడు. పదకొండోదాంట్లో సీసా మూతలున్న సంగతి హాలు మధ్యలో గుర్తొచ్చింది.

"అన్నయ్యా! ఇది నా కొత్త ఇల్లు!"

"అందుకేనమ్మా," అన్నాడు మామయ్య, దొర్లిపోతున్న మూతల వెంట మోకాళ్ల మీద పాకుతూ. "రేపటికి పాతదైపోతుందిగా!"

అత్తయ్య మాత్రం ఎప్పుడో రాజీ పడిపోయింది. "పెళ్లయిన కొత్తలో నేను ఇల్లూడుస్తుంటే కన్నార్పకుండా చూసేవారే," అని నాతో చెప్పేది. "నన్నే చూస్తున్నారని మురిసి ముక్కలయ్యాను. ఏడాది తర్వాత తెలిసింది, చీపుర్ని చూస్తున్నారని."

ఇంత తపస్సూ ఒక బండి కోసం. నేను ఆ షెడ్డులోనే ట్రిప్పుల లాగ్‌బుక్కు రాసే గుమాస్తాను కాబట్టి ఆ బండి గుణగణాలు నాకు బాగా తెలుసు. దాని పేరు దగ్గులమారి. ముందు రెండు గుండ్రటి బ్రష్షులు తిరుగుతూ చెత్తను మధ్యకు నెట్టాలి, కింద వెడల్పాటి మూతి దాన్ని పీల్చుకోవాలి, వెనక తొట్టిలో పడాలి. కాగితం మీద అంతే. రోడ్డు మీద మాత్రం పీల్చిన దుమ్ములో సగం పైగొట్టంలోంచి మేఘంలా లేచి మేడల మీద ఆరేసిన బట్టల మీద పడేది. తడి ఆకులు కుప్పగా వస్తే మూతి పూడుకుపోయి బండి నిజంగానే దగ్గేది. కాలిబాట అంచుల్లో చెత్త ఎక్కడిదక్కడే. ఆ మిగిలిందాన్ని ఎత్తడానికి బండి వెనకాల ఊడ్చేవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, ఆ మేఘంలో నడవాలి.

ఒక రోజు బండి పనితనం చూడటానికి పెద్ద ఇంజనీరుగారు నల్లకోటు వేసుకుని వచ్చారు. బండి ఆయన ముందు నుంచి వెళ్లింది. దుమ్ము తగ్గాక చూస్తే ఆయన పిండిమిల్లులో నిద్రలేచిన మనిషిలా ఉన్నారు. ఏడు తుమ్ములు తుమ్మారు. ఎనిమిదోది రాకపోవడంతో మాట్లాడారు.

"మేస్త్రీ! నాలుగు నెలలు టైమిస్తున్నా. అప్పటికీ ఇంతే అయితే బండి పాత ఇనుములోకి, నువ్వు నట్లూ బోల్టులూ లెక్కపెట్టే గదిలోకి."

"సార్, ఒక్క నిమిషం కదలకండి," అన్నాడు మామయ్య.

"ఎందుకు?"

"మీ కుడి భుజం మీద ఎక్కువ పడిందండీ. గాలి ఎటు తప్పించుకుంటోందో ఇప్పుడు తెలిసింది." నోటుబుక్కు తీసి పెద్ద ఇంజనీరుగారి బొమ్మ గీసుకుని, దుమ్ము పడ్డ చోటల్లా చుక్కలు పెట్టుకున్నాడు. ఆయన నిలబడే ఉన్నారు పాపం, కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువై.

బండిని విప్పి షెడ్డులో పడుకోబెట్టారు. ఇక వీధులన్నీ చేత్తో ఊడ్చుకోవడమే. అసలే ఆకులు రాలే కాలం. అప్పట్నుంచి మామయ్య తెల్లవారీ తెల్లవారకముందే గోనెసంచి భుజాన వేసుకుని మాయమయ్యేవాడు. ఎక్కడికని అడిగితే, "పరీక్ష," అనేవాడు.

పది రోజులు గడిచేసరికి ఒక దర్జీ మా ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడు, కుర్చీలో కూర్చోలేదు కూడా.

"అమ్మా, మీ ఇంటాయన రోజూ పొద్దున్నే మా వీధిలో చెత్త పోస్తున్నారు."

"మీ వీధిలో కూడానా?" అంది అత్తయ్య, అలవాటైన గొంతుతో.

"మా వీధిలోనేనమ్మా. రోజూ అక్కడే. మిగతా ఊరంతా బాగానే ఉంది."

అత్తయ్య నన్ను వెళ్లి చూసి రమ్మంది. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. సన్నటి పొడవాటి వీధి, రెండు వైపులా చెట్లు, నేల కనిపించనన్ని ఆకులు. ఆ ఆకుల మధ్య మామయ్య నడుం వంచి ఊడుస్తున్నాడు. ఆ వీధి ఊడ్చే ఆవిడ మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ ఆయన్ను దులిపేస్తోంది. ఆవిడను షెడ్డులో అందరూ హెడ్మాస్టరమ్మ అంటారు. సూపర్‌వైజరు కూడా ఆవిడ ముందు చేతులు కట్టుకునే మాట్లాడతాడు.

"అది ఊడవడమా, నేలకి దువ్వెన పెట్టడమా? చెయ్యంతా ఎందుకయ్యా తిప్పుతావు? మణికట్టు తిప్పు!"

"అలాగేనమ్మా."

నన్ను చూసి ఆవిడ గొంతు పెంచింది. "చూశావా అమ్మాయ్, మీ మామయ్య నిర్వాకం? నా వీధిలో ఆయన మేకులూ మూతలూ పోశాడు. ఆయన చెత్త నేనెందుకు ముట్టుకుంటాను? ఆకుల్లో కలిసిపోయింది. కాబట్టి మొత్తం ఆయనే ఊడవాలి. న్యాయమేనా?"

న్యాయమే అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయితే ఆ తర్వాత చూసింది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి లేచి, ఆయన చేతిలోని చీపురు తీసుకుంది. కాలిబాట అంచున, కరెంటు స్తంభం మొదట్లో, నాలుగేళ్లుగా మా బండికి అందని మూల. చీపురును నేలకు ఏటవాలుగా వాల్చి, మోచెయ్యి కదపకుండా మణికట్టును చిన్నగా మెలితిప్పింది. అంతే. మూలలోని మట్టి దానంతటదే లేచి వచ్చినట్టు వచ్చింది. రవ్వంత దుమ్ము లేవలేదు. మామయ్య ప్రశ్న అడగడం కూడా మర్చిపోయాడు.

"దుమ్మును తోలకూడదు మేస్త్రీ," అందావిడ. "తోలితే పక్కింటివాడి మీద పడుతుంది. తిప్పి మళ్లీ మన దగ్గరికే తెచ్చుకోవాలి."

ఆ మాట మామయ్య బుర్రలో దిగబడిపోయింది. షెడ్డుకొచ్చి పైగొట్టం మూసి పారేశాడు. ఫ్యాను పీల్చిన గాలిని బయటికి వదలకుండా ఇంకో గొట్టంలోంచి మళ్లీ కిందికే తెచ్చాడు. మూతికి ఒక కొసన ఆ గాలి నేలను కొట్టి, పగుళ్లలో ఉన్న మట్టిని లేపుతుంది. రెండో కొసన అదే గాలి ఆ మట్టితో సహా పైకి వెళ్లి, తొట్టిలో బరువు దించుకుని మళ్లీ కిందికి వస్తుంది. చుట్టూ రబ్బరు పరదాలు. గాలికి బయటికి దారే లేదు, గానుగెద్దులా అక్కడక్కడే తిరగాలి. ముందు పరదా పెదవిలా పైకి లేస్తుంది, ఆకుల కుప్ప వస్తే నోరు పెద్దది చేసుకుని మింగడానికి. పక్క బ్రష్షులను స్ప్రింగుల మీద వేలాడదీసి, అంచు తగలగానే హెడ్మాస్టరమ్మ మణికట్టులా వాలి మెలితిరిగేట్టు చేశాడు. ఆ పరదాల కోసం మా ఇంట్లో స్నానాల గది రబ్బరు పట్టా, గుమ్మం ముందు కాళ్లపట్టా, అత్తయ్య వానచెప్పులు వరసగా మాయమయ్యాయి.

నాలుగు నెలలూ నిండాయి. పెద్ద ఇంజనీరుగారు ఈసారి గొడుగు, మూతిగుడ్డ, పాత కోటుతో వచ్చారు. మామయ్య వీధి మధ్యలో నిలబడి పదకొండు జేబులూ ఒక్కొక్కటే విదిల్చాడు. చాలదన్నట్టు తడి ఆకులు రెండు గోనెలు గుమ్మరించాడు. జనం మేడలెక్కి ముందుజాగ్రత్తగా బట్టలు తీసేసుకున్నారు.

బండి కదిలింది. వెనకాల అలవాటు ప్రకారం హెడ్మాస్టరమ్మ, ముక్కుకు గుడ్డ, చేతిలో చీపురు. కుప్ప దగ్గరికి రాగానే పెదవి లేచింది, ఆకులు లోపలికి పోయాయి, పెదవి వాలింది. స్తంభం దగ్గర బ్రష్షు మర్యాదగా పక్కకు ఒదిగి, చుట్టూ తిరిగి, మూల తుడుచుకుని వచ్చింది. మేఘం కోసం అందరం పైకి చూశాం. ఆకాశం ఉంది, అంతే. సగం వీధి దాటాక హెడ్మాస్టరమ్మ ఆగింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ నెమ్మదిగా విప్పి, గుండెల నిండా గాలి పీల్చుకుంది. బండి వెనకాల నిలబడి ఊపిరి తీసుకున్న మనిషిని నేను చూడటం అదే మొదలు. పక్కనున్న దర్జీ చేతులెత్తి దణ్నం పెట్టాడు, బండికో మామయ్యకో తెలియదు.

పెద్ద ఇంజనీరుగారు గొడుగు మూసి, వంగి, తెల్లటి చేతిరుమాలుతో రోడ్డు తుడిచి చూసుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని అడిగారు.

"మేస్త్రీ, ఎన్ని ఊడ్పులకి పోయింది?"

"ఒక్కటేనండీ," అన్నాడు మామయ్య.

జనం పలచబడ్డాక నేను హెడ్మాస్టరమ్మ దగ్గరికి వెళ్లాను. "మా మామయ్య మిమ్మల్ని నాలుగు నెలలు ఏడిపించాడు. ఏమీ అనుకోకండి," అన్నాను.

ఆవిడ నావంక చూసి పకపకా నవ్వింది.

"పిచ్చిపిల్లా! ఏడిపించడమా? నా కుడి భుజం నాలుగు నెలల క్రితం పట్టేసింది. చెయ్యి ఇంతకంటే పైకి లేచేది కాదు. సూపర్‌వైజరుకి తెలిస్తే పని మానిపిస్తాడని ఎవరికీ చెప్పలేదు. సాయం చేస్తామని ఇద్దరొస్తే చీపురు చూపించి తరిమేశాను. నేనెవరి దయా తీసుకోను. అది మీ మామయ్య చూసినట్టున్నాడు, మర్నాటి నుంచి చెత్త పోయడం మొదలెట్టాడు."

"అది పరీక్ష కోసం కదా?"

"నేనూ అలాగే అనుకున్నాను, మొదటి వారం. ఒక రోజు గోనెసంచి మర్చిపోయి వచ్చాడు. జేబులు తడుముకున్నాడు, అవీ ఖాళీ. అప్పుడేం చేశాడో తెలుసా? చొక్కా గుండీలు పుటుక్కు పుటుక్కున తెంపి ఆకుల్లోకి విసిరి, 'అయ్యో, నా గుండీలు పడిపోయాయమ్మా, వీధంతా ఊడిస్తే గానీ దొరకవు' అని నా చేతిలో చీపురు లాక్కున్నాడు."

నా చూపు బండి వైపు మళ్లింది.

"బండి చూశావా? పెదవి ఎత్తే పిడి చేతికి పెట్టాల్సింది, కాలికి పెట్టాడు. వచ్చే నెల నుంచి దాన్ని నడపడం నన్నే నేర్చుకోమన్నాడు. భుజం ఊసు ఇప్పటికీ నోరు తెరిచి ఎత్తలేదు. నాకు తెలీదనుకుంటున్నాడు, అమాయకుడు. నువ్వూ చెప్పకు. తెలిస్తే సిగ్గుతో నా మొహం చూడలేడు."

చెప్పనని మాటిచ్చాను.

ఆ సాయంత్రం మామయ్య ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అత్తయ్య ఆయన నడుముకు కాపడం పెడుతోంది. "అబ్బా!" అని మూలిగి నావైపు తిరిగాడు.

"నాలుగు నెలలమ్మాయ్! ఒక్క రోజంటే ఒక్క రోజు కూడా ఆవిడ చీపురు అందుకుని నాలుగు ఊడ్పులు సాయం చెయ్యలేదు. మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ తిట్టడమే. అంత రాతిగుండె మనిషిని నేనెక్కడా చూళ్లేదు."

"నిజమే మామయ్యా," అన్నాను, మొహం అటు తిప్పుకుని. "బొత్తిగా జాలి లేని మనిషి."

మామయ్య మొహంలో పరీక్ష నెగ్గిన కుర్రాడి సంతోషం కనిపించింది.