అడవి గొర్రెల కాక

కాక పోయాడు. మొన్న నేను మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా ఆయన కూతురు ఊరి నుంచి ఫోన్ చేసింది. "నాయిన పోయిండక్కా. పొద్దుగాల ఊరి గొర్లకు సూదులేపిచ్చి అచ్చి అరుగు మీద కూసున్నడు. నేను చాయ్ తెచ్చేసరికి ఒరిగిపోయి ఉన్నడు" అంది. ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు. తండ్రి ఫోన్‌లో నా నంబరు 'గొర్ల సిస్టర్' అనే పేరుతో ఉందట. ముందు ఎవరికి చెప్పాలో తెలియక ఆ పేరు చూసి చేసిందట.

ఏడవాల్సిన సమయంలో నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఇంత గొప్ప పేరుతో పిలవలేదు.

కాక నాకు చుట్టం కాదు. మాది గోదావరి జిల్లా, గల్ఫ్‌లో దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో నర్సుని. ఆయనది కరీంనగర్ వైపు పల్లె, ఇక్కడ రాళ్ల క్వారీలో కూలి. కూలీల క్యాంపులో తెలుగువాళ్లంతా ఆయన్ని కాక అనేవాళ్లు, నాకూ అదే అలవాటైంది. 2004లో అరచేయి చీల్చుకుని మా ఆసుపత్రికి వచ్చాడు. నేను కట్టు కడుతుంటే ఆయన కళ్లు గోడ మీది కాగితం మీదే ఉన్నాయి. ఆ కాగితం మీద పొట్టేలు బొమ్మ ఉంది.

"గదేం గొర్రె సిస్టరమ్మా? గసొంటి కొమ్ములు నేనెన్నడు సూడలే" అన్నాడు.

చదివి చెప్పాను. కొండల దగ్గర ఒక పెద్దమనిషి లోయ చుట్టూ కంచె వేయించి అరుదైన అడవి గొర్రెలను పెంచుతున్నాడు. శుక్రవారాలు వచ్చి మందను లెక్కపెట్టడానికి, జబ్బులేమైనా ఉన్నాయేమో గమనించడానికి జీతం లేకుండా సాయం చేసేవాళ్లు కావాలి. అది విని కాక కట్టు పూర్తవకుండానే లేచి నిలబడ్డాడు.

"నేనస్త. నువ్వు గూడ రా బిడ్డా. నీకు సూదులు తెలుసు, నాకు గొర్లు తెలుసు."

నేను ఆ రోజు వరకు గొర్రెను పలావులో తప్ప దగ్గరగా చూసింది లేదు. అయినా వెళ్లాను. ఆ వెళ్లడం మూడేళ్లు సాగింది.

అవి మన ఉన్ని గొర్రెల్లాంటివి కావు. లేడిలా సన్నటి కాళ్లు, ఎర్రమట్టి రంగు ఒళ్లు. పొట్టేలుకు మెడ కింద నల్లటి జూలు, వెనక్కి తిరిగిన కొమ్ములు. మొదటి శుక్రవారం బైనాక్యులర్‌లోంచి ఒక పొట్టేలు నన్నే సూటిగా చూసినప్పుడు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాను. అక్కడి పశువుల డాక్టరు పెషావర్ వైపు మనిషి, మేమంతా డాక్టర్ సాబ్ అనేవాళ్లం. ఆయన ఉష్ణోగ్రత చూడటం, ముక్కులోంచి తడి నమూనా తీయడం నేర్పాడు. అసలు చూడటం ఎలాగో నేర్పింది మాత్రం కాక. "మందను సూడకు బిడ్డా. మందల లేనిదాన్ని సూడు" అనేవాడు. ఇప్పుడు వార్డులోకి అడుగుపెట్టగానే నేను చేసే పని అదే. మూలుగుతున్నవాళ్ల కంటే ముందు, గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ల దగ్గరికి వెళతాను.

రెండో ఏడాది ఎండాకాలం మొదట్లో కాక అలా చూస్తూనే ఒక్కసారిగా నా చేయి పట్టుకున్నాడు. అరవై దాకా ఉన్న మంద నీడలో నిలబడితే, ఒక ఆడ గొర్రె మాత్రం ఎండలో తల వేలాడేసుకుని ఉంది. కళ్ల కింద పుసి కట్టింది, తోక తడిగా ఉంది.

"పారుడు రోగం" అన్నాడు.

డాక్టర్ సాబ్ వెంటనే నమ్మలేదు. "చాచా, ధూళి పడి ఉంటుంది, అంతే" అన్నాడు హిందీలో. కాక ఆయన ముఖంలోకి చూశాడు.

"సాబ్, మేరా పూరా మంద ఇసీ బీమారీ మే గయా. ఆఠ్ దిన్ మే. ఇస్కే బాద్ హీ మై దుబాయ్ ఆయా."

ఏడాదికి పైగా కలిసి తిరిగినా, తన మంద సంగతి నాకూ చెప్పలేదు. నూట ఇరవై గొర్రెలు కళ్ల ముందు ఎనిమిది రోజుల్లో పోతే, చేతికర్ర దూలానికి చెక్కి విమానం ఎక్కిన మనిషి ఆయన. డాక్టర్ సాబ్ వెంటనే నమూనా తీయించాడు. రెండు రోజులకు అదే రోగమని తేలింది. అప్పటికి ఆ గొర్రె చనిపోయింది. పక్క తోటలోని మేకల నుంచి అంటుకుందని తర్వాత తెలిసింది.

మిగతా మందకు వెంటనే టీకాలు వేయాలి. పనివాళ్లు పికప్‌లతో తరిమి దొడ్డిలోకి తోలబోయారు. ఒక గొర్రె బెదిరి కంచెను గుద్దుకుని మెడ విరిగి చచ్చిపోయింది. డాక్టర్ సాబ్ నాకు ఫోన్ చేసి, "సిస్టర్, చాచాను తీసుకురా" అన్నాడు.

కాకకు శుక్రవారం తప్ప సెలవు లేదు. జ్వరమని కాగితం రాయిస్తానన్నాను. వద్దన్నాడు. "అబద్ధం కాయితమెందుకు? గొర్లకు జెరమచ్చిందని ఫోర్‌మన్‌కు నిజమే చెప్త." నిజమే చెప్పాడట. ఫోర్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వి, "యల్లా, పో" అన్నాడట.

లోయంతా ఒకసారి తిరిగి చూసి కాక చెప్పింది ఒకటే మాట. "తరిమినోనికి గొర్రె దొరకది సాబ్. నిలబడ్డోనికి దొరుకుతది." ఒక్క దొడ్డిలో తప్ప మిగతా తొట్లలో నీళ్లు తీయించాడు. దొడ్డి చుట్టూ గోనె పట్టాలు కట్టించాడు. గాలి ఎటు వీస్తుందో దుమ్ము ఎగరేసి చూశాడు. మర్నాడు ఎవరూ సబ్బు రుద్దుకోవద్దన్నాడు. అత్తరు లేకుండా గడప దాటని డాక్టర్ సాబ్ తలదించుకుని ఒప్పుకున్నాడు.

తెల్లవారేసరికి అందరం పట్టాల వెనుక బోర్లా పడుకున్నాం. కాక చేతిలో తలుపు తాడు. ముందుగా ముసలి ఆడ గొర్రె వచ్చింది. తలుపు దగ్గర ఆగింది. నీళ్ల వాసన తెలుస్తోంది, అయినా అడుగు వేయదు. దాని వెనుక మందంతా ఆగింది. నా చెంప కింద రాయి గుచ్చుకుంటోంది, ఊపిరి బిగబట్టాను. అది లోపలికి ఒక కాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. తర్వాత మంద మొత్తం వాన నీళ్లలా లోపలికి వచ్చేసింది. కాక తాడు లాగాడు.

ఆ తర్వాతి మూడు గంటలు నా జీవితంలో మరిచిపోలేనివి. సన్నటి దారిలోంచి ఒక్కో గొర్రె రాగానే కళ్లకు గుడ్డ కట్టడం, టీకా, నెత్తురు నమూనా, ఉష్ణోగ్రత, వదిలేయడం. గుడ్డ పడగానే అంతటి అడవి జంతువూ నా మోచేతి కింద కుదురుగా నిలబడేది. చర్మం కింద దాని గుండె కొట్టుకోవడం నా వేళ్లకు తెలిసేది. ఆసుపత్రిలో వేలసార్లు నరం వెతికాను గానీ, అడవి గొర్రె మెడలో నరం దొరికిన క్షణంలో పాట పాడాలనిపించింది.

ఒక చూలు గొర్రెకు ఒంటి వేడి నలభై ఒక్క డిగ్రీలు దాటింది. ఆ వేడికి తట్టుకోలేక అది నిలువునా కూలిపోయింది. కాక తన తువ్వాలు తడిపి దాని కడుపు కింద పరిచాడు. మళ్లీ తడిపాడు. నేను లెక్క చెబుతున్నాను: నలభై ఒకటి, నలభై ముప్పావు, నలభైన్నర. "లే తల్లీ, నువ్వొక్కదానివి గావు, కడుపుల ఇంకోటున్నది" అని దాని చెవిలో అంటున్నాడు. కొంచెంసేపటికి అది లేచి, ఆయన భుజం మీదుగా దూకి వెళ్లిపోయింది. కాక వెల్లకిలా పడ్డాడు. పడ్డచోటే పడుకుని, "ఖలాస్, గండం దాటింది, బతికింది" అన్నాడు.

తర్వాత ఇంకో మూడు పోయాయి. అక్కడితో రోగం ఆగింది. మిగతా మంద నిలిచింది.

2007లో క్వారీలో మనుషుల్ని తగ్గించారు, కాక వీసా ముగిసింది. ఊరికి పోయాక సొంత మంద పెట్టుకోలేదట. పశువుల ఆసుపత్రి చుట్టూ తిరిగి, డాక్టర్ని వెంటబెట్టుకొచ్చి, చుట్టుపక్కల మందలన్నిటికీ టీకాలు వేయించేవాడట. పోయిన రోజు పొద్దున కూడా ఆ పనే చేశాడు.

వెళ్లేముందు వచ్చిన ఆఖరి శుక్రవారం మేము కొండ పక్కన కూర్చుని ఆ ఏటి పిల్లలను లెక్కపెట్టాం. పుట్టి పది రోజులు కూడా కాని పిల్ల ఒకటి, మనిషి అడుగు పెట్టలేని నిట్టనిలువు బండ మీదికి ఎక్కేసి, దిగడం ఎలాగో తెలియక తల్లిని పిలుస్తోంది. తల్లి కింద నిలబడి చూస్తోంది గానీ పైకి వెళ్లదు. కాసేపటికి పిల్లే కళ్లు మూసుకున్నట్టు ఒక్క దూకు దూకి, పల్టీ కొట్టి, లేచి, ఏమీ జరగనట్టు పాలు తాగింది. నేను కాక వైపు తిరిగాను. చప్పుడైతే అవి బెదురుతాయని రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని నవ్వుతున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు వేళ్ల మీదికి కారుతున్నాయి.