పన్నెండు బోల్టుల కాన్వర్సేషన్

అచ్చాఫీసు ప్రూఫ్‌రీడరు గారి చెవిన ఒక ఇంగ్లీషు మాట పడిందంటే, దాని తాతముత్తాతలంతా బయటికొచ్చేదాకా ఎదుటివాడికి విడుదల లేదు. వెనకాల అందరూ ఆయన్ని 'పుట్టుపూర్వోత్తరాలు గారు' అనేవారు. "మేనేజరు పిలుస్తున్నారండీ" అంటే, ఆ మాట గుర్రాల్ని లొంగదీయడంలోంచి వచ్చిందని అరగంట చెప్పేవాడు. అదే సంగతి వెళ్ళి మేనేజరుక్కూడా చెప్పాడు.

పుస్తకాలకి అట్టలంటించే అక్కయితే, ఆయన చెప్పుల చప్పుడు వినగానే కాగితాల గదిలో దూరేది. ఎదుటివాళ్ళని నోరు మెదపనివ్వడని ఆమె బాధ.

ఆ మధ్యాహ్నం దూరడమే కాదు, షట్టరు కూడా కిందికి లాగింది. అది దభీమని పడి, నేలకి అరంగుళం ఎత్తున బిగుసుకుపోయింది. ఆ అదురుకి లోపలి బల్బు పోయింది. కిటికీ లేని గది. ఆమెకి ఆయాసం ఉంది, పీల్చే మందేమో బయట సంచిలో ఉంది, ఆ సందులోంచి లోపలికి పట్టదు.

మెకానిక్ వచ్చి చూశాడు. "కాగితాల మధ్య షట్టరుని గ్యాసు మంటతో కొయ్యలేం. బోల్టులు చేత్తోనే విప్పాలి, పన్నెండున్నాయి. ఆమెని మాట్లాడిస్తూ ఉండండి. పలక్కపోతే వెంటనే చెప్పండి."

మేనేజరు నాలుగుసార్లు "ధైర్యంగా ఉండమ్మా" అన్నాడు. అయిదోసారీ అదే అనబోయాడు. అప్పుడు షట్టరు కిందనుంచి ఇంకో గొంతు వినిపించింది.

"అమ్మా, కాన్వర్సేషన్ అన్న మాట విన్నావా?"

చీకట్లో ఆమె గొంతు గుర్తుపట్టింది, పుట్టుపూర్వోత్తరాలు గారు. ఈసారి పారిపోవడానికి దారి కూడా లేదు.

"విన్నానండీ," అంది వగరుస్తూ.

"మొదట్లో దానికి మాట్లాడుకోవడమన్న అర్థమే లేదు. మరి ఏమై ఉంటుంది?"

ఆమె ఆశ్చర్యపోయింది. ఆయన ఇంతవరకూ ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు.

"పోట్లాడుకోవడమా?"

"కాదు. నిదానంగా ఊపిరి తీసుకుని ఇంకోటి చెప్పు."

"చాడీలు చెప్పుకోవడమా?"

"అదీ కాదు. తొందరేం లేదు."

ఆరు బోల్టులు ఊడాయి. ఏడోది తుప్పుపట్టి మొండికేసింది. ఆమె ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

"ఇంక నా వల్ల కాదండీ."

"అయితే మేనేజరన్న మాట ఎత్తుకుంటాను. గుర్రాల దగ్గర్నుంచీ."

ఆమెకి నవ్వొచ్చింది, దగ్గొచ్చింది, ఊపిరి కాస్త దారిలో పడింది. "వద్దు బాబోయ్, చెబుతాను. కాపురం చేయడమా?"

"దగ్గరికొచ్చావు తల్లీ. కలిసి మసలడం. ఒకరి పక్కన ఒకరు ఉండటం. మాటలు తర్వాతెప్పుడో వచ్చి చేరాయి."

పన్నెండో బోల్టు ఊడింది. షట్టరు లేవగానే ఆమెకి ముందుగా ఆయనే కనబడ్డాడు. కుర్చీని మూడుసార్లు తుడిస్తే గాని కూర్చోని మనిషి, గంటన్నర నుంచి గ్రీజు నేల మీద బోర్లా పడుకుని, చెంప ఆ సందుకి ఆనించి ఉన్నాడు. తెల్లచొక్కా మసిగుడ్డ అయిపోయింది. చేతిలో ఆమె పీల్చే మందు ఉంది.

ఇన్నాళ్ళూ ఈయన్నుంచా పారిపోయాను అని ఆమెకి సిగ్గేసింది. మందు పీల్చుకుని, బల్ల మీద చతికిలబడింది.

"ఇంతకీ గురువుగారూ, బోల్టన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

మేనేజరూ మెకానిక్కూ ఒక్కసారే గుమ్మం వైపు కదిలారు. ప్రూఫ్‌రీడరు గారు సంబరంగా నోరు తెరిచాడు గాని, గంటన్నర మాట్లాడించేసరికి గొంతు పూర్తిగా పోయింది. నువ్వే చెప్పమని చేత్తో సైగ చేశాడు.

ఆమె పక్కకి జరిగి చోటిచ్చింది. ఆయన బల్ల తుడవకుండానే కూర్చున్నాడు.